గ్రౌండ్ అంటే ఒక్క నేలేనా? ఒక ఇంగ్లిష్ మాటకున్న అర్థాలన్నీ పద్ధతిగా పట్టుకోవాలంటే

"సార్, గ్రౌండ్ అంటే నేల అని రాస్కున్న కదా, మరి డబ్బా మీద గ్రౌండ్ పెప్పర్ అని ఉంది, నేల మిరియాలా ఏంది?" అని ఒక పిల్ల అడిగింది. వారం తిరగకముందే ఇంకో పిలగాడు పేపర్ పట్టుకొచ్చి ఫ్లైట్స్ గ్రౌండెడ్ అంటే కూలిపోయినయా సార్ అన్నడు. గ్రూప్స్‌కు చదువుతున్న ఇంకొకాయన అయితే ఆర్టికల్ 15ల గ్రౌండ్స్ అని రాసిన్రు, రాజ్యాంగంల మైదానానికి ఏం పని అని అడిగిండు. నల్గొండల ట్యూషన్ చెప్పుకునే నాకు ఈ ఒక్క మాట మీద వచ్చినన్ని డౌట్లు ఇంక దేని మీద రాలే, ఒక్కొక్కళ్లకు విడివిడిగా చెప్పి చెప్పి నోరు నొస్తుంది, అందుకే మొత్తం ఒక్కకాడ రాస్తున్న.

వారం రోజుల పని ఇది, రోజుకు పావుగంట చాలు. ఒక్క రోజుల చదివి పడేస్తే మళ్లా వారానికి మొదటికే వస్తరు.

1. ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక నోట్‌బుక్. కొత్తది కొనే పని లేదు, పిల్లల పాత నోట్‌బుక్కుల వెనక ఖాళీ పేజీలు సరిపోతయి.
- ఫోన్ల ఒక లెర్నర్స్ డిక్షనరీ, అంటే ఇంగ్లిష్ నేర్చుకునేటోళ్ల కోసం రాసిన డిక్షనరీ. ఆక్స్‌ఫర్డ్‌ది, కేంబ్రిడ్జ్‌ది రెండూ ఆన్‌లైన్ల ఫ్రీగానే చూడొచ్చు.
- వారం రోజుల ఇంగ్లిష్ పేపర్లు, పాతవైనా పర్వాలే.
- వంటింట్ల మసాలా డబ్బాలు. నవ్వకండి, రెండో రోజు పనికొస్తయి.

పాకెట్ సైజు ఇంగ్లిష్-తెలుగు డిక్షనరీ ఉంటే దాన్ని ఈ వారం పక్కన పెట్టండి. అది చెడ్డదని కాదు, నేల, మైదానం, కారణం, ఆధారం అని కామాలు పెట్టి ఒకే లైన్ల పోసేస్తది, ఏది ఎప్పుడు వాడాలో చెప్పదు. బజార్ల అన్ని కూరగాయలు ఒకే సంచిల కలిపి ఇచ్చినట్టు ఉంటది, ఇంటికొచ్చి ఏరుకునుడే సరిపోతది. లెర్నర్స్ డిక్షనరీ అయితే ప్రతి అర్థానికి ఒక నంబర్ ఇచ్చి కింద రెండు మూడు వాక్యాలు రాస్తది. మీకు కావాల్సింది అర్థం కంటే ఆ వాక్యాలే.

2. ఈ పని తెలుగుల మీరు ఎప్పటినుంచో చేస్తున్నరు

భయం పోవాలంటే ముందు ఇది చేయండి. "పట్టు" అనే మాట తీసుకోండి. పోచంపల్లి పట్టు చీర అంటే ఒకటి, చెట్టుకు తేనెపట్టు అంటే ఒకటి, పెద్దాయన పట్టు పట్టిండు అంటే ఇంకొకటి, లెక్కల్ల పట్టు ఉంది అంటే మరొకటి. పోచంపల్లి, పుట్టపాక దిక్కు ఎవ్వరన్నా ఈ మాట విని తికమక పడ్డరా? పడరు. ఎందుకంటే పట్టు పక్కన చీర ఉన్నదా తేనె ఉన్నదా అని మన చెవి ముందే చూసేస్తది.

ఇంకోటి చూడండి, గిర్నీకి పోయి కారం పట్టిచ్చుకొచ్చిన అంటం. అక్కడ పట్టు అంటే పొడి చేసుడు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, ఇంగ్లిష్ గ్రౌండ్‌ల కూడా సరిగ్గ ఇట్లనే ఒక గిర్నీ దాక్కొని ఉన్నది.

మొదటి రోజు పని: పట్టు అన్న మాటతోని ఆరు వాక్యాలు రాసి, ప్రతి వాక్యంల ఏ పక్క మాట చూసి మీకు అర్థం తెలిసిందో దాని కింద గీత గీయండి. మొత్తం పద్ధతి ఇదే, ఇదే పనిని ఇంగ్లిష్‌ల చేయబోతున్నం.

3. మీ నోట్ల ఇప్పటికే ఉన్న గ్రౌండ్‌లు రాసుకోండి

ఇంగ్లిష్ రాదు అనుకునేటోళ్ల నోట్ల గూడ ఈ మాట రోజూ తిరుగుతనే ఉంటది. డిక్షనరీ తెరవకముందే మీకు గుర్తొచ్చినయన్నీ రాయండి. నేను క్లాస్‌ల చేయిస్తే వచ్చిన లిస్టు ఇది:

- ఎన్జీ కాలేజీ గ్రౌండ్ల మీటింగ్ ఉంది (పాలమూరోళ్లు అయితే ఎంవీఎస్ కాలేజీ గ్రౌండ్ అంటరు)
- ఇల్లు గ్రౌండ్ ఫ్లోర్ల కిరాయికి ఉంది
- అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ తవ్వి వదిలేసిన్రు
- గ్రౌండ్ వాటర్ ఎండిపోయింది
- బ్యాక్‌గ్రౌండ్ ఉన్నోళ్లకే పనైతది
- గ్రౌండ్ లెవల్ల పార్టీ పరిస్థితి బాగలేదు
- ఇందిరమ్మ ఇండ్ల గ్రౌండింగ్ అయ్యింది

ఏడు వచ్చినయి చూడండి, పుస్తకం ముట్టకుండనే. వీటిల చివరిది మాత్రం చాలా తిరకాసు మాట, దాని కోసం ముందు ఒక నంబర్ మొత్తం పెట్టిన.

4. దొంగ చుట్టాన్ని ముందు పక్కకు జరపండి

చాలామంది తప్పు ఇక్కడే మొదలైతది, అన్ని అర్థాలకు ఒకటే మూలం ఉంటదనుకొని మిరియాలకు, నేలకు సంబంధం వెతుకుతరు. సంబంధం లేదు.

గ్రైండ్ అనే క్రియ ఉన్నది కదా, మిక్సీ గ్రైండర్ల ఉన్న గ్రైండ్, దాని భూతకాలం గ్రౌండ్. గ్రైండ్, గ్రౌండ్, గ్రౌండ్. పాత ఇంగ్లిష్‌ల నేలకున్న మాట వేరు, విసురుడుకున్న మాట వేరు, తిరిగి తిరిగి రెండు ఒకే అచ్చుల పడ్డయి. ఒకే ముఖం, వేరే ఇంటి మనిషి. అందుకే గ్రౌండ్ పెప్పర్ అంటే మిరియాల పొడి, గ్రౌండ్ చిల్లీ అంటే పట్టిచ్చిన కారం, అమెరికా వాళ్లు గ్రౌండ్ మీట్ అంటే మన ఖీమా.

గుర్తుపట్టే తీరు సులువే:

- గ్రౌండ్ వెనకాల వెంటనే తినే వస్తువు గాని పొడి అయ్యే వస్తువు గాని వస్తే అది గిర్నీ గ్రౌండ్.
- గ్రౌండ్ తీసేసి పట్టిచ్చిన అని పెడితే వాక్యం నిలబడితే అది గిర్నీ గ్రౌండ్.

ఇక్కడ మన దిక్కోళ్లకు ప్రత్యేకంగ ఒక గుంట ఉన్నది, పల్లీలు. గ్రౌండ్‌నట్ అని కలిపి ఒకే మాటగ రాస్తే మన పల్లీ, నేలల కాసే గింజ. పువ్వు పైన పూస్తది, ఆ తర్వాత ఊడ మన్నుల దిగి అక్కడ కాయ కడ్తది, వనపర్తి, నాగర్‌కర్నూల్ చెలకల్ల పల్లి పెట్టిన రైతుకు ఇది చెప్పే పని లేదు. కానీ వంట వీడియోల గ్రౌండ్ నట్స్ అని విడగొట్టి రాస్తే అది పొడి చేసిన గింజలు, బాదం కావచ్చు, కాజు కావచ్చు. పలికేటప్పుడు గూడ తేడా ఉంటది. పల్లీ అయితే గ్రౌండ్ మీద ఒత్తు పడ్తది, పొడి అయితే నట్స్ మీద గూడ పడ్తది.

రెండో రోజు పని: వంటింట్ల డబ్బాలు, ప్యాకెట్లు తిప్పి వెనక ఇంగ్రీడియెంట్స్ చదివి ఈ గిర్నీ గ్రౌండ్ దొరికితే రాసుకోండి, తర్వాత దీన్ని నోట్‌బుక్ చివరి పేజీకి పంపించేయండి.

5. మిగిలినయి ఐదు కుప్పలు పోయండి

దొంగ చుట్టం పోయినంక మిగిలిన అర్థాలన్నీ ఒక్క ఇంటివే. వీటన్నింటి వెనక ఒక్కటే బొమ్మ ఉంటది, కాలు ఆనే చోటు. కింద గట్టిగ ఉండి మీదున్నదాన్ని మోసేది. ఈ బొమ్మ మనసుల పెట్టుకొని కుప్పలు పోస్తే సగం బరువు దిగిపోతది.

మొదటి కుప్ప, నేల. ఆన్ ద గ్రౌండ్, అండర్‌గ్రౌండ్, గ్రౌండ్ ఫ్లోర్, గ్రౌండ్‌వాటర్.

రెండో కుప్ప, ఒక పని కోసం కేటాయించిన జాగ. ప్లేగ్రౌండ్, పరేడ్ గ్రౌండ్, బరియల్ గ్రౌండ్ అంటే బొందలగడ్డ. హైదరాబాద్‌ల నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ గూడ ఈ కుప్పదే.

మూడో కుప్ప, కారణం. మాట మీద మాట నిలబడాలంటే కింద ఏదన్న ఉండాలె కదా, అదే. మెడికల్ గ్రౌండ్స్ అంటే ఆరోగ్య కారణాలు, కంపాషనేట్ గ్రౌండ్స్ అంటే జాలి చూపే కారణాలు, గ్రౌండ్స్ ఆఫ్ అప్పీల్ అంటే అప్పీలుకు చూపే కారణాలు. ఆ గ్రూప్స్ ఆయన అడిగిన ఆర్టికల్ 15ల ఆన్ గ్రౌండ్స్ ఓన్లీ ఆఫ్ రెలిజియన్, రేస్, కాస్ట్, సెక్స్, ప్లేస్ ఆఫ్ బర్త్ అని ఉంటది, అంటే మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అనే కారణాలతోనే వివక్ష చూపొద్దని. ఆర్టికల్ 22ల గూడ ఉంది, అరెస్ట్ చేసినోళ్లకు అరెస్ట్ గ్రౌండ్స్ చెప్పాలె. కోర్టు చుట్టు తిరిగేటోళ్ల నోట్ల ఈ గ్రౌండ్స్ పొద్దస్తమానం వింటరు.

నాలుగో కుప్ప, పోటీల గాని మాటల గాని మనం నిలబడ్డ చోటు. గెయిన్ గ్రౌండ్, లూజ్ గ్రౌండ్, స్టాండ్ యువర్ గ్రౌండ్, కామన్ గ్రౌండ్. దీనికి నేను క్లాస్‌ల గెట్టు పంచాది చెప్తా. పక్క చెలకాయన ఏటా ఒక సాలు జరుపుకుంట వస్తే ఆయన గెయిన్ గ్రౌండ్, మనం లూజ్ గ్రౌండ్. గెట్టు మీద నిలబడి ఇంక జరుగ అంటే స్టాండ్ యువర్ గ్రౌండ్. పెద్దమనుషులు కూసొని ఇద్దరు ఒప్పుకునే ఒక మాట దొరకబడితే కామన్ గ్రౌండ్. ఈ బొమ్మ ఒక్కసారి కూసున్నంక పిల్లలు మళ్లా అడుగలే.

ఐదో కుప్ప, క్రియ. నేలకు ఆనించుడు, లేవకుండ చేసుడు, పునాది వేసుడు. ప్లేన్ గ్రౌండెడ్ అంటే ఎగరనీయలేదు, అంతే, కూలలేదు. 2019 మార్చిల బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలను దేశదేశాల గ్రౌండ్ చేసిన్రు అంటే అర్థం ఇదే.

మూడో రోజు పని: మూడో నంబర్ల మీరు రాసిన లిస్టు తీసుకొని ఒక్కొక్కదాన్ని ఏ కుప్పల పడ్తదో పక్కన నంబర్ వేయండి. మసాలా డబ్బాలల్ల దొరికినయి ఏ ఒక్క కుప్పల గూడ పడయని చూసుకోండి. బ్యాక్‌గ్రౌండ్ దగ్గర కొంచెం ఆగుతరు, అది బొమ్మ వెనకున్న నేల, మనిషికైతే వెనకున్న చరిత్ర.

6. పక్కింటోళ్లను చూసుడు

అసలు పని ఇది, నాలుగో రోజు, ఐదో రోజు రెండూ దీనికే. పేపర్ల గ్రౌండ్ కనిపిస్తే వెంటనే అర్థం ఆలోచించకండి. ముందు దాని ముందు మాట, తర్వాత వెనక మాట, ఆ తర్వాత చివర్ల తోక చూడండి. ఈ వరుస మార్చొద్దు.

ముందు మాట ఆన్ ద అయితే: నేల మీద అన్నా కావచ్చు, అక్కడి అసలు పరిస్థితి అన్నా కావచ్చు. ద సిచుయేషన్ ఆన్ ద గ్రౌండ్ అంటే ఆఫీసుల కూసొని రాసిన రిపోర్ట్ కాదు, ఊర్ల ఉన్న సంగతి. తేడా ఎట్ల తెలుస్తది? వాక్యంల పడుడు, కూసునుడు, పండుడు లాంటి పని ఉంటే నేల. పరిస్థితి, రిపోర్టర్, సైనికులు, అధికారులు ఉంటే రెండోది.

ముందు గెయిన్, లూజ్, గివ్, హోల్డ్, స్టాండ్ ఉంటే: గెట్టు పంచాది గుర్తు చేసుకోండి. మనిషే ఉండాల్నని లేదు, పుకారు గూడ గెయిన్ గ్రౌండ్ చేస్తది, అంటే నమ్మేటోళ్లు పెరుగుతున్నరని.

ముందు బ్రేక్ ఉంటే: రెండు రకాలు. బిల్డింగ్ సంగతి అయితే భూమిపూజ, గడ్డపార దింపుడు. పరిశోధన, ఆలోచన సంగతి అయితే ఇంతకుముందు ఎవ్వరు చేయని పని.

ముందు కవర్ ఉంటే: ఎక్కువ దూరం నడిచిన్రు అని, లేదా మీటింగ్ల చాలా విషయాలు మాట్లాడిన్రు అని. మా ట్యూషన్ల రెండోదే ఎక్కువ పనికొస్తది.

చివర స్ తోక ఉంటే జాగ్రత్త, మూడు దిక్కులు పోతది:

- వెనకాల ఆఫ్, ఫర్, దట్ ఉంటే, లేదా ముందు మెడికల్, లీగల్ లాంటి మాట ఉంటే కారణం
- ముందు బిల్డింగ్ పేరు, హాస్పిటల్, ప్యాలెస్ ఉంటే దాని చుట్టూ ఉన్న ఆవరణ
- ముందు కాఫీ ఉంటే గ్లాస్ అడుగున మిగిలిన పిప్పి, దీనికి ఎప్పుడూ స్ ఉంటది

చివర ఎడ్ తోక ఉంటే, ఎవరి గురించి చెప్తున్నరో చూడండి. విమానం అయితే ఎగరొద్దన్నరు. అమెరికా సీరియల్ల పిల్లగాడు ఐ యామ్ గ్రౌండెడ్ అంటే ఇంట్లోళ్లు శిక్షగ బయటికి పోనీయట్లేదు. పెద్దమనిషిని షి ఈజ్ వెరీ గ్రౌండెడ్ అంటే మెచ్చుకునుడు, ఎంత పైకొచ్చినా కాలు నేల మీదనే ఉన్నదని. మూడింటికీ బొమ్మ ఒక్కటే, అర్థం మాత్రం శిక్ష నుంచి మెప్పు దాక పోయింది చూడండి.

తోకగ లెస్ ఉంటే ఆధారం లేనిది.

ఇట్ల చూసినంక గూడ డౌట్ ఉంటే మార్చి పెట్టి చూడండి. గ్రౌండ్ తీసేసి నేల, జాగ, కారణం, గెట్టు, పట్టిచ్చిన అని ఒక్కొక్కటి పెట్టి వాక్యం చదవండి. నాలుగు ఎబ్బెట్టుగ ఉంటయి, ఒకటి కూసుంటది.

7. గ్రౌండ్, ల్యాండ్, సాయిల్, ఫ్లోర్: ఏది ఎక్కడ

ఇక్కడ తెలుగే మనకు అడ్డం వస్తది, ఎందుకంటే నేల అనే ఒక్క మాటతోని నాలుగు పనులు చేసుకుంటం.

ఫ్లోర్ అంటే ఇంట్ల గచ్చు, పరిచిన బండలు, టైల్స్. గ్రౌండ్ అంటే బయట, పైన కప్పు లేని నేల. గదిల కుర్చీ మీదికెల్లి పడితే ఫ్లోర్ మీద పడ్డట్టు, వాకిట్ల పడితే గ్రౌండ్ మీద పడ్డట్టు.

ల్యాండ్ అంటే కొనేది, అమ్మేది, పాస్‌బుక్కుల ఎక్కేది. ఐ హ్యావ్ టు ఏకర్స్ ఆఫ్ ల్యాండ్ అనాలె, గ్రౌండ్ అనొద్దు. ఒక్క చెన్నై దిక్కు మాత్రం ప్లాట్లను గ్రౌండ్‌ల లెక్కన అమ్ముతరు, ఒక గ్రౌండ్ అంటే 2400 చదరపు అడుగులు, మన లెక్కల 267 గజాల దాక. అక్కడ ఉద్యోగం చేసే పిల్లలు ఫోన్ చేసి అర గ్రౌండ్ కొన్న అంటే సగం మైదానం కొన్నడని ఊర్ల చెప్పుకోకండి.

సాయిల్ అంటే మన్ను. ఎర్ర చెలక, నల్లరేగడి, దుబ్బ అని మాట్లాడేటప్పుడు సాయిల్.

ఇంకొకటి, ఎర్త్. బోరు మోటర్‌కు ఎర్తింగ్ అంటం కదా, అది బ్రిటన్ వాడుక, మనకు అదే వచ్చింది. అమెరికా వీడియోల అదే వైర్‌ను గ్రౌండ్ అంటరు. త్రీ పిన్ ప్లగ్గుల పైన లావుగ పొడుగ్గ ఉండే పిన్ ఉంటది చూడండి, దాని వైరే, పచ్చ వైర్.

8. భూగర్భజలాల రిపోర్టు చదివేటోళ్లకు

మన జిల్లాలల్ల ఈ మాట పేపర్ల ఎక్కువ కనపడేది నీళ్ల వార్తలల్లనే కాబట్టి ఇది విడిగ చెప్తున్న. నీటి మట్టం లెక్కల పక్కన ఎం బీజీఎల్ అని ఉంటది, మీటర్స్ బిలో గ్రౌండ్ లెవల్, నేల మట్టం నుంచి ఇన్ని మీటర్ల కింద నీళ్లున్నయని. నంబర్ 8 నుంచి 12 అయితే నీళ్లు పెరిగినయని సంబురపడేటోళ్లను చూసిన. ఉల్టా, నీళ్లు ఇంకో నాలుగు మీటర్లు లోపలికి దిగినయి.

ఫ్లోరైడ్ గురించి గ్రౌండ్‌వాటర్ శాంపిల్స్ అని ఉంటే బోరు, బావి నీళ్లు అని అర్థం, చెరువు నీళ్లు సర్ఫేస్ వాటర్ కిందికి వస్తయి. లీటర్‌కు 1 మిల్లీగ్రామ్ దాక మంచిది, వేరే నీళ్లు దిక్కులేకపోతే 1.5 దాక ఒప్పుకోవచ్చు అని మన దేశ తాగునీటి ప్రమాణం. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని పేరు, దాన్ని తయారు చేసింది నాగ్‌పూర్ల ఉన్న నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ. పేరు మనది, కష్టం గూడ మనదే.

9. గ్రౌండింగ్ అనే ఆఫీసు మాట

లోన్ల స్కీములు, ఇండ్ల స్కీములల్ల గ్రౌండింగ్ అయ్యింది అంటే పని నేల మీదికొచ్చింది, మొదలైంది అని. యూనిట్ గ్రౌండ్ అయ్యింది అంటే బర్లో, షాపో, ఆటోనో చేతికొచ్చింది అని. ఇది మన ఆఫీసుల ఇంగ్లిష్, బయటి ఇంగ్లిష్‌ల విమానాల లాంటి సంగతిల గ్రౌండెడ్ అంటే ఆగిపోయింది అని వస్తది. సరిగ్గ ఎదురు అర్థం!

మా దగ్గర చదివే ఒక పిలగాని నాయనకు ఫోన్ వచ్చింది, మీ యూనిట్ గ్రౌండ్ అయినట్టు ఎక్కించినం అని. పిలగాడు అప్పుడే విమానాల వార్త చదివి ఉన్నడు, నాయినా మనది క్యాన్సిల్ చేసిన్రు అని చెప్పిండు. ఇంటిల్లిపాది ఆ రాత్రి సరిగ్గ తినలే. తెల్లారి పోతే సంతకం పెట్టి తీస్కపో అన్నరు. తప్పు పిలగానిది కాదు, పక్కింటోళ్లను చూసే టైం ఇవ్వలే ఆ వాక్యం.

గుర్తుపట్టుడు: లబ్ధిదారు, స్కీమ్, యూనిట్, ఇండ్లు పక్కన ఉంటే మొదలైనట్టు. విమానం, పిల్లలు పక్కన ఉంటే ఆపినట్టు. ఓడ పక్కన ఉంటే నేలకు తగిలి ఇరుక్కున్నట్టు. మ్యాథ్స్, గ్రామర్ పక్కన ఉంటే పునాది.

10. ఎక్కువ చేసే తప్పులు, దిద్దుకునే తీరు

గ్రౌండెడ్ చిల్లీ పౌడర్. ఇది పెద్ద పెద్ద ప్యాకెట్ల మీద గూడ చూసిన. గ్రౌండ్ అంటేనే అప్పటికే పట్టిచ్చినట్టు, మళ్లా ఎడ్ తగిలించొద్దు. గ్రౌండ్ చిల్లీ అని రాయండి.

ఆన్ ద గ్రౌండ్ ఆఫ్ హెల్త్. లీవ్ లెటర్లల్ల రోజూ కనిపిస్తది. కారణం అన్నప్పుడు స్ పెట్టుడే మంచిది, ఆన్ హెల్త్ గ్రౌండ్స్ అంటే ఇంకా సాఫుగ ఉంటది.

లెట్స్ గో టు గ్రౌండ్. మనం ఆడనీకి పోదాం అనుకొని అంటం. ద లేకుండ గో టు గ్రౌండ్ అంటే పోలీసులకు దొరకకుండ దాక్కునుడు. మధ్యల ద పెట్టండి, కేసు పోతది.

ఫస్ట్ ఫ్లోర్. మన దగ్గర, బ్రిటన్ల గ్రౌండ్ ఫ్లోర్ మీదిది ఫస్ట్ ఫ్లోర్. అమెరికాల రోడ్డుకు ఉన్నదే ఫస్ట్ ఫ్లోర్. మా బావ అమెరికాల ఉన్న తన కొడుకు దగ్గరికి పోయి, కొడుకు ఫస్ట్ ఫ్లోర్ అన్నడని మెట్లెక్కి ఎవరిదో తలుపు కొట్టి, వాళ్లు తీసినంక ఇద్దరు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నరట. అమెరికా అడ్రస్ అయితే ఒకటి తగ్గించుకోండి.

అన్ని అర్థాలు ఒక్క రోజే బట్టీ పట్టుడు. దీనికి దిద్దుబాటు లేదు, మళ్లా మొదటి నుంచి చేసుడే.

తెలుగు అర్థం మాత్రమే రాసుకునుడు. అర్థం పక్కన కచ్చితంగ మీ ఇంటి సంగతి ఉన్న వాక్యం ఒకటి రాయండి. డిక్షనరీ వాక్యం కాపీ కొడితే రెండు రోజులల్ల మర్చిపోతరు, మా అమ్మ గ్రౌండ్ ద చిల్లీస్ అని రాస్తే మర్చిపోరు.

11. ఆరో రోజు, ఏడో రోజు

ఆరో రోజు రాయండి. ఒక్కో కుప్పకు రెండు వాక్యాల చొప్పున పది, గిర్నీకి ఒకటి. ఆ వాక్యాలల్ల గ్రౌండ్‌ను కొట్టేసి ఖాళీ వదిలి ఇంట్ల వేరేవాళ్లకు ఇవ్వండి, పక్క మాటలు చూసి వాళ్లు ఏ కుప్పో చెప్పగలిగితే మీ వాక్యం మంచిగ ఉన్నట్టు. చెప్పలేకపోతే వాక్యం బలహీనం, మార్చి రాయండి.

ఏడో రోజుకు చెక్‌లిస్ట్:

- గిర్నీ గ్రౌండ్‌ను చూడంగనే పక్కకు తీయగలుగుతున్ననా
- స్ తోక, ఎడ్ తోక కనిపిస్తే ఆగుతున్ననా
- ఫ్లోర్, గ్రౌండ్ కలపకుండ మాట్లాడుతున్ననా
- పేపర్ల కనీసం ఐదు గ్రౌండ్‌లు దొరికినయా, ప్రతిదానికి కుప్ప నంబర్ పడ్డదా
- లీవ్ లెటర్ల ఒక లైన్ తప్పు లేకుండ రాయగలనా

ఇదే వరుస స్ప్రింగ్‌కు, ఫీల్డ్‌కు, బ్రాంచ్‌కు గూడ నడుస్తది. ఒక్కటే చెప్తున్న, ఒక వారం ఒక్క మాటే పెట్టుకోండి. స్ప్రింగ్‌ల ఊట, వసంతం, ఎగురుడు, మంచం కింది స్ప్రింగ్ నాలుగూ ఒకే ఇంటివి. బార్క్ అట్ల కాదు, చెట్టు బెరడుకు, కుక్క మొరుగుడుకు సంబంధం లేదు, అక్కడ మళ్లా దొంగ చుట్టం ఉన్నడు.

12. చేతులు తిరగనీకి ఎనిమిది వాక్యాలు

జవాబులు కిందనే ఉన్నయి, చెయ్యి అడ్డం పెట్టుకొని చేయండి.

అ) ద కాఫీ వాజ్ ఫ్రెష్లీ గ్రౌండ్.
ఆ) హి వాజ్ రిలీజ్డ్ ఆన్ మెడికల్ గ్రౌండ్స్.
ఇ) ద షిప్ రాన్ అగ్రౌండ్.
ఈ) షి హ్యాజ్ ఎ గుడ్ గ్రౌండింగ్ ఇన్ మ్యాథ్స్.
ఉ) వాటర్ లెవల్: 14 ఎం బీజీఎల్.
ఊ) యువర్ ఫియర్స్ ఆర్ గ్రౌండ్‌లెస్.
ఎ) ద టు సైడ్స్ ఫౌండ్ సమ్ కామన్ గ్రౌండ్.
ఏ) యాడ్ టు స్పూన్స్ ఆఫ్ గ్రౌండ్ నట్స్.

అ గిర్నీ, కాఫీ అప్పుడే పట్టిచ్చింది. ఇక్కడ స్ లేదు కాబట్టి పిప్పి కాదు. ఆ కారణం, ఆరోగ్యం బాగలేదని విడిచిపెట్టిన్రు. ఇ ఐదో కుప్ప, ఓడ అడుగు నేలకు తగిలి ఇరుక్కుంది. ఈ పునాది, లెక్కల్ల పట్టు ఉంది. ఉ నేల మట్టం నుంచి 14 మీటర్ల కింద నీళ్లు. ఊ మీ భయాలకు ఆధారం లేదు. ఎ గెట్టు పంచాది తెగింది. ఏ దగ్గర విడగొట్టి రాసిన్రు చూడండి, పల్లీలు పెట్టకండి, ఏదన్న గింజల పొడి రెండు చెంచాలు.